ఏ స్కానర్ కొనాలి? ముందు ఆర్‌సీ తీసి చూడండి

ప్రశ్న: మాది రాయగడ. 2014 మోడల్ పెట్రోల్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వానలు మొదలైనప్పటి నుంచి డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఇక్కడి మెకానిక్ ఏదో యంత్రం తగిలించి లైటు ఆర్పి రూ.500 తీసుకుంటున్నాడు. వారం తిరగకముందే మళ్లీ వెలుగుతోంది. ఒకసారి ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నాడు. అదీ మార్పించాను, ఫలితం లేదు. ఆ యంత్రమేదో నేనే కొనుక్కుందామని ఆన్‌లైన్‌లో చూస్తే రూ.600 నుంచి రూ.30,000 దాకా ఉన్నాయి. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు ఇంట్లోనే మార్చుకునే అలవాటు నాకుంది. ఏది కొనమంటారు? జయపురంలో మా బావమరిదికి 2021 డీజిల్ బండి ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటి సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం: ఇన్నిసార్లు లైటు ఆర్పించుకున్నారు, ఒక సెన్సార్ కూడా మార్పించారు. కానీ ఆ యంత్రం, అంటే స్కానర్, చూపించిన కోడ్ నంబర్ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మెకానిక్ చెప్పలేదో, మీరు అడగలేదో. నంబర్ తెలియకుండా సెన్సార్ కొన్నందుకే చేతి చమురు వదిలింది. ఈసారి లైటు వెలిగితే చెరపనివ్వకండి. నంబర్ చూపించమని అడిగి ఫోనులో ఫొటో తీసుకోండి. రూ.500 తీసుకునే మనిషి ఐదు అక్షరాలు చూపించడానికి కాదనడు.

ఆ ఐదింటిలో మొదటిది అక్షరం, తక్కిన నాలుగు అంకెలు. ‘పీ’ అంటే ఇంజిన్, గేర్‌బాక్సు వైపు తేడా. ‘సీ’ అంటే బ్రేకులు, స్టీరింగు వైపు. ‘బీ’ అంటే ఎయిర్‌బ్యాగులు, ఏసీ వంటివి. ‘యూ’ అంటే బండిలోని కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయాయని. పీ తరువాత సున్నా ఉంటే దాని అర్థం అన్ని కంపెనీలకూ ఒకటే. ఒకటి ఉంటే అది తయారీదారు సొంత కోడ్, అర్థం వాళ్ల పట్టికలోనే వెతకాలి. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, పెట్రోలు సరిగా మండడం లేదని. పీ0171 అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని. ఈ నంబర్ ఫలానా వీధిలో గొడవగా ఉందని అందే కబురు వంటిది. ఎవరు ఎవరిని కొట్టారో మనమే వెళ్లి చూసుకోవాలి. మీ బండిలో వచ్చింది పీ0171 అయితే, ఆక్సిజన్ సెన్సార్ తన పని తాను చేసిందన్నమాట. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని అది నిజమే చెప్పింది. ఉన్న మాట చెప్పినందుకు దాన్నే పీకి పారేశారు. ఇది నా అనుమానం మాత్రమే. నంబర్ చూస్తే తేలిపోతుంది.

ఇక కొనే సంగతి. అంగడి కన్నా ముందు బండి కాగితాలు చూడాలి. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి అయిన ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను ఉమ్మడి భాషలో చెప్పే పద్ధతి, మన దగ్గర చాలా ఆలస్యంగా వచ్చింది. ఇక్కడ 2013 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసినా, ఆ నిబంధన వర్తించింది భారత్ స్టేజ్ 4 (బీఎస్-4) ఉద్గార ప్రమాణం ఉన్న బండ్లకు. బీఎస్-4 మొదట 2010లో 13 పెద్ద నగరాలకే వచ్చింది. దేశమంతటికీ పాకేసరికి 2017 ఏప్రిల్ అయింది. అంటే 2014లో రాయగడ వైపు అమ్మిన కారు బీఎస్-3 అయి ఉండవచ్చు, బీఎస్-4 కూడా అయి ఉండవచ్చు. బీఎస్-3 బండి అయితే చవక స్కానర్‌కు అది పలకకపోవచ్చు. మీ మెకానిక్ యంత్రం మాట్లాడగలుగుతున్నది కదా అంటారేమో. వర్క్‌షాపుల్లో వాడే స్కానర్లకు ఒక్కో కంపెనీ సొంత భాష కూడా వచ్చు. మనం కొనేవాటికి అందరికీ ఉమ్మడిగా ఉన్న భాష ఒక్కటే వచ్చు. మారుతీ పాత బండ్లలో ఈ తిప్పలు మరీ ఎక్కువ. సాకెట్ చూడడానికి అచ్చం కొత్త బండ్లదిలాగే ఉంటుంది, లోపల నడిచేది మాత్రం సుజుకీ సొంత పద్ధతి.

కాబట్టి ఆర్‌సీలోనో, ఎంపరివాహన్ యాప్‌లోని వాహన వివరాలలోనో ఉద్గార ప్రమాణం ఏమని రాసి ఉందో చూడండి. భారత్ స్టేజ్ 4 అని ఉంటే చాలావరకు నిశ్చింత. ఒడిశా వాళ్లకు ఇంకో సులువైన గుర్తు ఉంది. ఇక్కడ నంబర్ ప్లేట్లు ఓఆర్ నుంచి ఓడీకి మారింది 2012లో. ఓఆర్ ప్లేటు ఉన్న బండికి స్కానర్ కొనాలనుకునేవారు ముందు ఎవరిదైనా అరువు తెచ్చి పరీక్షించుకుని తరువాతే డబ్బు తీయాలి. ఓడీ-18 అని ఉన్నంత మాత్రాన ఓబీడీ-2 ఉన్నట్టే అని కూడా అనుకోకూడదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి సరిహద్దు దాటి వచ్చిన ఏపీ బండ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. అమ్మినవాడు చెప్పిన మోడల్ సంవత్సరాన్ని నమ్మడం కన్నా ఆర్‌సీని నమ్మడం మేలు.

తరువాత టార్చి పట్టుకుని స్టీరింగు కింద చూడండి. స్కానర్ తగిలించే 16 గళ్ల సాకెట్ కనిపిస్తుంది. వెడల్పు వైపు పైకి ఉండేలా ఊహించుకుని, పై వరుసలో ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరుసలో 9 నుంచి 16 లెక్కపెట్టండి. అన్ని గళ్లలోనూ ఇత్తడి రేకులు ఉండవు. 16వ గడిలో బ్యాటరీ కరెంటు, 4, 5 గళ్లలో ఎర్త్ ఉంటాయి. పై వరుసలో 6వ గడిలోనూ, దాని కిందే ఉన్న 14వ గడిలోనూ రేకు ఉంటే ఇంజిన్ కంప్యూటర్ క్యాన్ అనే కొత్త పద్ధతిలో మాట్లాడుతుందనుకోవచ్చు. అప్పుడు దాదాపు ఏ స్కానర్ అయినా పలుకుతుంది. ఆ రెండూ ఖాళీగా ఉండి 7వ గడిలో మాత్రమే రేకు కనిపిస్తే అది కే-లైన్ అనే పాత పద్ధతి. సాకెట్‌కు తగిలించి ఫోనులో చూసుకునే చవక బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఇక్కడే చేతులెత్తేస్తాయి.

ఆ చవకవాటి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే రూ.600 చూసి చేయి పెట్టేవాళ్లే ఎక్కువ. ఈ అడాప్టర్ల పేరులో కనిపించే ఈఎల్ఎం327 అన్నది కెనడాలోని ఒక చిన్న కంపెనీ తయారు చేసిన చిప్. దాని తొలి రూపాన్ని చైనాలో నకలు తీశారు. ఆ నకలుకు నకళ్లు తీసి, వెర్షన్ 1.5 అనీ 2.1 అనీ ముద్ర వేసి ప్రపంచమంతా అమ్ముతున్నారు. 1.5 అనే వెర్షన్‌ను అసలు కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు. 2.1 అని రాసి ఉన్న నకళ్లలో చాలావాటికి పాత వెర్షన్ల ఆదేశాలు కూడా పూర్తిగా రావు. అసలు కంపెనీ 2022లో మూతపడింది. నకళ్లు మాత్రం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్నాయి. అన్నీ పనికిరానివని అనను. క్యాన్ ఉన్న బండిలో కోడ్ చదవడానికి కొన్ని బాగానే పనిచేస్తాయి. ఒకే దుకాణంలో ఒకే డబ్బాలో కొన్న రెండింటిలో ఒకటి పలికి ఒకటి పలకకపోవడమే చిక్కు. పిండి కొద్దీ రొట్టె. ఇదే ఆకారంలో ‘మైలేజీ పెంచే పరికరం’ అని అమ్మేవి కూడా ఉన్నాయి. వాటిలో దీపాలు మినుకుమినుకుమనడం తప్ప ఇంకేమీ జరగదు. దగ్గరికి రానివ్వకండి.

నా ఓటు తీగతో నేరుగా తగిలించే చిన్న చేతి స్కానర్‌కు. ఆటెల్, లాంచ్, యాన్సెల్ వంటి కంపెనీల ప్రాథమిక మోడళ్లు సుమారు రూ.2,000 నుంచి రూ.4,000 మధ్య దొరుకుతాయి. బండి నుంచే కరెంటు తీసుకుంటాయి. బ్యాటరీ, యాప్, పాస్‌వర్డు గొడవలు లేవు. కొనేముందు వివరాలలో రెండు విషయాలు వెతకండి: లైవ్ డేటా (సెన్సార్ల అంకెలు అప్పటికప్పుడు చూపడం), ఫ్రీజ్ ఫ్రేమ్ (తేడా వచ్చిన క్షణంలో దాచిన అంకెలు). ఒకే కంపెనీ మోడళ్లలోనూ అన్నిటికన్నా చవకవాటిలో లైవ్ డేటా లేనివి ఉన్నాయి. అది లేని స్కానర్ మీకు వద్దు. కోడ్ చదవడం, చెరపడం మాత్రమే చేసే యంత్రం కొంటే, ఆ మెకానిక్ చేసే పనే మీరు ఇంట్లో ఉచితంగా చేసుకున్నట్టు అవుతుంది, అంతే.

ఫోనులో గ్రాఫులు చూసుకోవడం ఇష్టమైతే అదే ధరలో వీగేట్ వంటి మంచి బ్లూటూత్ అడాప్టర్లు ఉన్నాయి. టార్క్, కార్ స్కానర్ వంటి యాప్‌లు వాటితో బాగా పనిచేస్తాయి. ఐఫోను ఉన్నవాళ్లు మాత్రం మామూలు బ్లూటూత్ అడాప్టర్ కొనకూడదు, అది ఐఫోనుతో కలవదు. బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) అని రాసి ఉన్నదో, వైఫైదో తీసుకోవాలి. అడాప్టర్‌ను సాకెట్‌లోనే వదిలేస్తే చాలా రోజులు కదలని బండిలో బ్యాటరీ దిగిపోవచ్చు. పని కాగానే తీసేయాలి. పదిహేను, ముప్పై వేల యంత్రాలు పది రకాల బండ్లు చూసేవాళ్లకు గిట్టుబాటవుతాయి, ఒక కారు ఉన్నవాళ్లకు కాదు.

ఏది కొన్నా వాపసు గడువు ఉన్న చోట కొనండి. వచ్చిన రోజే ఇరుగుపొరుగువారి కొత్త బండికి ఒకసారి, మీ బండికి ఒకసారి తగిలించి చూడండి. రెండింటిలోనూ ఇంజిన్ వేగం, వేడి కనిపించాలి. పక్కవారి బండిలో పలికి మీ బండిలో పలకకపోతే తప్పు యంత్రానిది కాకపోవచ్చు, పైన చెప్పిన బీఎస్-3 గొడవ కావచ్చు. అప్పుడు మారు మాట్లాడకుండా వాపసు పంపేయండి.

లైవ్ డేటా మీద అంత పట్టు ఎందుకో చెబుతాను. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తెర మీద ఎంఏపీ అనే అంకె చూడండి. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని, అంటే సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టంలోని గాలి ఒత్తిడి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బయటి వాతావరణ ఒత్తిడినే చూపించాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న బరంపురంలో 100 కిలోపాస్కల్ దగ్గర, మీ రాయగడలో 98, 99 దగ్గర, కోరాపుట్ కొండ ఎక్కితే 91 దగ్గర ఉంటుంది. లక్ష్మీపూర్ ఘాట్ ఎక్కుతూ మధ్యమధ్యలో పక్కకు ఆగి, ఇంజిన్ ఆపి చూడండి, ఒక్కో అంకె దిగుతూ పోతుంది. నడుపుతూ మీరు చూడకండి. ఇంజిన్ ఆపి ఎక్కడ చూసినా కదలకుండా 60 అని చూపిస్తే ఆ సెన్సార్ మీదో, దాని వైర్ల మీదో కన్నేయాలి. ఇంజిన్ వేడెక్కి నిలకడగా ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఇదే అంకె 30, 40 మధ్య ఉండాలి. కొన్ని బండ్లలో ఎంఏపీకి బదులు ఎంఏఎఫ్ అని, సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్తోందో కనిపిస్తుంది. మీ బండిలో ఏది ఉందో గుర్తుపెట్టుకోండి, దానితో ఇంకాసేపట్లో పని పడుతుంది.

ఉష్ణోగ్రతలు కూడా చూడాలి. మొన్న ఎండల్లో పర్లాకిమిడిలో మా పిన్నివాళ్ల కారుకు స్కానర్ తగిలిస్తే, లోపలికి వెళ్లే గాలి వేడి మైనస్ 40 డిగ్రీలని చూపించింది. పర్లాకిమిడిలో, మే నెలలో! కోడ్ పీ0113. ఆ కోడ్ చూసి సెన్సార్ కొనేసేవాళ్లు ఉంటారు. మైనస్ 40 అంటే సాధారణంగా సెన్సార్ దాకా వెళ్లే దారి తెగిందని అర్థం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక్కి చేయి పెట్టి సెన్సార్‌కు వైర్లు కలిసే కప్లర్ దగ్గర తడిమితే రెండు వైర్లలో ఒకటి ఎలుక కొరికి రెండు ముక్కలుగా వేలాడుతోంది. పక్కనే నాలుగు వడ్లగింజలు, కాసింత దూది. వైరు కలిపి, పైన ట్యూబు తొడిగితే పని అయిపోయింది. మీ లైటు కూడా వానలు మొదలయ్యాకే వచ్చిందంటున్నారు కాబట్టి నేనైతే ముందు ఇదే చూస్తాను. వానాకాలంలో ఎలుకలు వెచ్చటి ఇంజిన్ గూటిలోకి చేరతాయి. లేదా కప్లర్‌లో నీళ్లు చేరి రేకులకు పచ్చటి చిలుము పడుతుంది. బ్యాటరీ తీగ విప్పి, కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీసి, చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, టక్కుమనేలా మళ్లీ నొక్కండి. దీనికి స్కానర్ కూడా అక్కర్లేదు.

ఇక పీ0171 వచ్చినవాళ్లు చూడవలసింది ఫ్యూయల్ ట్రిమ్. అనుకున్నదానికి మించి ఎంత శాతం పెట్రోలు కలపవలసి వస్తోందో కంప్యూటర్ చెప్పే లెక్క అది. షార్ట్ అని ఒకటి, లాంగ్ అని ఒకటి ఉంటాయి. రెండూ కూడి చూడండి. అటూ ఇటూ 10 లోపు ఉంటే ఫరవాలేదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిలో అచ్చమైన పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 10 శాతం కలిసినదానికి 14.1, 20 శాతం కలిసినదానికి 13.5 చాలు. కాబట్టి పాత లెక్కలతో తయారైన 2014 బండి అదే గాలికి ఇంకాస్త పెట్రోలు పోయక తప్పదు. ట్రిమ్ నాలుగైదు పైకి జరగడం జబ్బు కాదు, ఇంధనం తీరు. కానీ ముందే ఎక్కడో చిన్న లోపంతో అంచున ఉన్న బండిని ఈ నాలుగైదే కోడ్ దాకా తోసేయవచ్చు.

కూడిన అంకె 20 దాటితే వెతకాలి. ఎంఏఎఫ్ ఉన్న బండిలో ఐడిలింగ్‌లో 20 పైన ఉండి, ఇంజిన్ వేగం నిమిషానికి 2,500 చుట్లకు పెంచి పట్టుకుంటే సున్నా వైపు దిగిపోతే, ఎక్కడో పైపు చీలి దొంగగాలి లోపలికి వెళ్తోందనుకోవచ్చు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీ తరువాత ఉన్న సన్నటి రబ్బరు పైపులను మెలితిప్పి చూడండి. పగుళ్లు కింది వైపే ఉంటాయి, పైకి కనిపించవు. వేగం పెంచినా దిగకుండా పైకే పోతుంటే పెట్రోలు అందడం లేదు, ఫిల్టర్, పంపు చూడాలి. ఎంఏపీ మీద నడిచే బండిలో ఈ లెక్క ఇంత సూటిగా పనిచేయదు. దొంగగాలి కూడా మానిఫోల్డ్ ఒత్తిడిలో కలిసిపోయి, ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడిలింగ్ వేగం పెరగవచ్చు.

మిస్సింగ్ కోడ్ అయితే మీ వంటి చేతిపనివారికి పండగే. పీ0301 వచ్చిందనుకోండి. ఒకటో సిలిండర్ మీద, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ను రెండోదానితో మార్చి పెట్టి, కోడ్ చెరిపి, కాస్త దూరం తిరగండి. కోడ్ పీ0302గా మారితే కాయిల్ పోయింది. పీ0301గానే నిలిస్తే ప్లగ్గులు కూడా అలాగే మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, వైరింగు, కంప్రెషన్ వైపు పోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న ఇంజిన్లలోనే కుదురుతుంది.

చెరపడం గురించి ఒక మాట. చెరిపితే నంబర్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తేడా వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంలో, ఎంత వేడిలో ఉందో దాచిపెట్టిన లెక్క అది. చల్లటి ఇంజిన్‌లో పొద్దున్నే వచ్చిన కోడ్‌కూ, ఘాట్‌లో లోడు మీద వచ్చిన కోడ్‌కూ వెతకాల్సిన చోట్లు వేరు. అవి రాసుకోకుండా చెరపకండి. బ్యాటరీ వోల్టేజీ కూడా చూడండి. ఇంజిన్ నడుస్తుండగా 13.5, 14.5 మధ్య లేకపోతే మిగతా కోడ్లను అప్పుడే నమ్మవద్దు. తక్కువ కరెంటుతో కంప్యూటర్లు లేనిపోని ఫిర్యాదులు చేస్తాయి.

ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇంటికి రావచ్చు. ఆగి ఆగి మిణుకుతుంటే మిస్సింగ్ తీవ్రంగా ఉందని, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తోందని అర్థం. కాలు తీసి పక్కకు ఆపండి. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే స్కానర్ కోసం వెతకనే వద్దు, ఇంజిన్ ఆపండి. ఎయిర్‌బ్యాగు లైటుకు ఈ ధరలో దొరికే స్కానర్లు సాధారణంగా పలకవు. పలికినా పసుపు రంగు కప్లర్ల జోలికి ఇంట్లో వెళ్లకూడదు. ఇంజిన్ నడిపి చూసే పరీక్షలన్నీ ఆరుబయట చేయండి, తలుపు మూసిన షెడ్డులో కాదు.

మీ బావమరిదిగారి 2021 డీజిల్ బండి బీఎస్-6ది కాబట్టి మీరు కొనే స్కానర్‌కు ఇంజిన్ కోడ్ల వరకు నిక్షేపంగా పలుకుతుంది. అందులో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లోనే చిన్నచిన్న దూరాలు తిరిగితే అది నిండిపోతుంది. డీపీఎఫ్ దీపం వెలిగిన తొలి రోజుల్లోనే, మాన్యువల్‌లో చెప్పిన వేగంలో ఆపకుండా కాసేపు జాతీయ రహదారి మీద నడిపితే సాధారణంగా మసి తనంతట తానే కాలిపోతుంది. పట్టించుకోకుండా వదిలి పీ2463 వంటి కోడ్ దాకా తెచ్చుకుంటే, బలవంతంగా మసి కాల్చే ఆదేశం ఇవ్వడం ఈ చిన్న యంత్రం వల్ల కాదు, షోరూముకు పోవలసిందే. అందుకని ఖర్చు చెరిసగం పంచుకోండి. ఇంజిన్ లైటు వెలిగినప్పుడు ఆయన నంబర్ చదువుకోవడానికి అది చాలు, తక్కిన పని మీ బండికే ఎక్కువ కాబట్టి యంత్రం రాయగడలోనే ఉండనివ్వండి.